పాత డింగీకి ముందు పెయింటా, గాలి ట్యాంకా? కొన్ని అపోహలు - వాస్తవాలు

చెన్నై హార్బర్‌లో వారాంతాల్లో డింగీ (చిన్న తెరచాప పడవ) నడుపుతూ, క్లబ్బు పాత పడవలు బాగుచేసే పని కూడా నెత్తినేసుకున్నవాణ్ణి. మూలన పడున్న ఎంటర్‌ప్రైజ్ రకం డింగీ ఏదైనా చవగ్గా దొరికితే మనవాళ్లు మొదట అడిగేది "పెయింట్‌కి ఎంతవుద్దన్నా?" అనే. ఇది 1956లో జాక్ హోల్ట్ గీసిన 4.04 మీటర్ల పడవ, ఇప్పటికీ చక్కగా నడుస్తుంది. డబ్బు తక్కువున్నప్పుడు మాత్రం నీళ్లు ఎక్కడ దూరుతున్నాయి, తాళ్లు, తీగల లాగుడు ఎక్కడ పడుతోంది అన్నవి చూసుకోండి, రంగు సంగతి ఆ తర్వాత.

అపోహ: పైన పగుళ్లుంటే పడవ పోయినట్టే.

వెంట్రుకంత పగుళ్లు చాలావరకు పై పూతలోనే ఉంటాయి. స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా తట్టుకుంటూ వెళ్లండి. టక్కుమంటే సరే, డబ్బుమని మొద్దుగా వినిపిస్తే, కాలు పెడితే మెత్తగా దిగితే, లోపల నీరు పట్టిందేమోనని అనుమానించాలి.

అపోహ: గాలి ట్యాంకు మూతలు బిగించి ఉంటే చాలు.

గాలి ట్యాంకంటే బోల్తా పడినా పడవ తేలేలా గాలితో మూసి ఉంచిన అర. నేను కొన్న మొదటి పడవ బోల్తా పడినప్పుడు ఒక పక్కకి ఒరిగి, ఎంత లాగినా సరిగ్గా లేవలేదు. ట్యాంకులో నీళ్లు నిండాయని ఒడ్డుకొచ్చి ప్లగ్ తీశాకే తెలిసింది. మర్నాడు ప్లగ్ రంధ్రానికి ట్యూబు తగిలించి నోటితో గాలి ఊదుతూ, సబ్బునీళ్లు ముంచిన బ్రష్‌తో అతుకులన్నీ తడిపాను (కంప్రెసర్ పెట్టకండి, అతుకే ఊడిపోతుంది). అతుకుల దగ్గర ఏమీ రాలేదు, బయటికి వాలేటప్పుడు పాదాలు ఇరికించే పట్టీ బిగించిన స్క్రూ పక్కన మాత్రం ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. స్క్రూ తీసి, రంధ్రం ఎండబెట్టి, పాలీయురెథేన్ సీలెంట్ పూసి మళ్లీ బిగించాను. బాత్రూమ్ సిలికాన్ మాత్రం వద్దు, దాని జిడ్డు మీద తర్వాత రెజిన్ గానీ పెయింట్ గానీ పట్టదు.

అపోహ: రెజిన్ ఎంత పోస్తే అంత గట్టి.

ఫైబర్‌గ్లాస్ పడవలో బలమంతా గాజు పోగుల గుడ్డది, రెజిన్ దాన్ని పట్టి ఉంచే జిగురు మాత్రమే. ఎక్కువైతే బరువు పెరుగుతుంది, పెళుసుగా పగులుతుంది. పాత పాలియెస్టర్ రెజిన్ మీద ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ బాగా అంటుకుంటుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ మాత్రం అంత నమ్మకంగా పట్టదు, కాబట్టి ఏది వాడాలో ముందే తేల్చుకోండి. మామూలు చాప్డ్ మ్యాట్‌లో (గాజు పోగుల ముక్కలు అంటించి చేసిన చాప) పోగుల్ని పట్టి ఉంచే జిగురు ఎపాక్సీలో కరగదు, అందుకని నేసిన గుడ్డే తీసుకోండి. మన ఎండకి కప్పులో కలిపిన రెజిన్ చూస్తుండగానే వేడెక్కి గడ్డకడుతుంది. కొంచెం కొంచెం కలిపి వెడల్పు పళ్లెంలో పోసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది, తేమకి ఎపాక్సీ పైన మైనంలా పొర కడుతుంది. కట్టిందంటే నీళ్లతో రుద్ది కడిగాకే రెండో పూత.

అపోహ: స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టదు.

పడుతుంది, ముఖ్యంగా గాలి ఆడని సందుల్లో. మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే తీగల మీద దూదితో తుడవండి, ఒక్క పోగు తెగి ఉన్నా దూది చిక్కుకుంటుంది. అలా చిక్కితే తీగ మార్చాల్సిందే, ఇక్కడ పైసా మిగుల్చుకోవద్దు. అల్యూమినియం మాస్ట్‌కి స్టెయిన్‌లెస్ ఫిట్టింగు బిగించిన చోట తెల్లపొడి కనిపిస్తే అక్కడ అల్యూమినియం తినుకుపోతోందన్నమాట. విప్పి శుభ్రం చేసి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెట్టి బిగించండి.

అపోహ: ముందు కొత్త తెరచాప కొనాలి.

ఎండకి గుడ్డకంటే ముందు కుట్టు పోతుంది. గోరుతో గీకితే దారం రాలితే, పాలియెస్టర్ దారంతో తిరిగి కుట్టిస్తే ఇంకో సీజన్ లాగొచ్చు. తాళ్లు కూడా అంతే, అరిగింది ఒక కొస దగ్గరే అయితే తిరగేసి కట్టుకోండి.