అంకెల మధ్యకి అక్షరాలెందుకొచ్చాయి?

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. "లెక్కల్లో అంకెల మధ్య ఎక్స్, వై అని అక్షరాలెందుకు తాతయ్యా? సైన్సులో కంటికి కనబడని కణాలు, సాంఘికశాస్త్రంలో ఎప్పటివో రాజ్యాలు. ఒకదానికీ ఒకదానికీ సంబంధమే లేదు" అని రాశారు. సంబంధం ఉంది. అది చెప్పాలనే ఇంత పెద్ద జవాబు.

ఐదో తరగతి దాకా మీరు చదివినవి చాలావరకు చూడగలిగినవి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినవి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ప్రతి పుస్తకమూ కనబడని దాని జోలికి వెళ్తుంది. చేతిలో ఉన్నదాన్ని పట్టుకుని లేనిదాన్ని రాబట్టడం ఎలాగో నేర్పుతుంది.

ముందు మీ ఎక్స్ సంగతి. ఒక సంఖ్యను మూడు రెట్లు చేసి 5 కలిపితే 20 వచ్చిందనుకోండి. ఆ సంఖ్య ఏదో తెలియదు. తెలియదు కదా అని ఆగిపోకుండా దానికో పేరు పెట్టి పని మొదలుపెడతాం, అంతే. కలిపిన 5 తీసేస్తే 15, మూడు రెట్లు చేశాం కనక 3తో భాగిస్తే 5. దొరికింది. "పక్షం మారిస్తే గుర్తు మారుతుంది" అన్న సూత్రాన్ని బట్టీ పట్టకండి. చేసిన పనిని వెనక్కి చేసుకుంటూ వస్తున్నామని గుర్తుంటే చాలు.

ఋణ సంఖ్యలూ అంతే. క్రీ.శ. 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడు ఆస్తిని ధనమనీ అప్పును ఋణమనీ పిలిచి, వాటిని కలపడానికి, గుణించడానికి నియమాలు రాశాడు. మన లెక్కల పుస్తకాల్లో ఇప్పటికీ ఆ మాటలే ఉన్నాయి. రెండు ఋణ సంఖ్యలను గుణిస్తే ధన సంఖ్య ఎందుకొస్తుందని చాలామంది అడగరు, ఒప్పేసుకుంటారు. మీరు ఒప్పుకోకండి, రాసి చూడండి: 2 × (−3) = −6, 1 × (−3) = −3, 0 × (−3) = 0. మెట్టుకు 3 చొప్పున జవాబు పెరుగుతోంది. తర్వాతి మెట్టు (−1) × (−3). అది 3 కాక ఇంకేమవుతుంది?

సైన్సులో మొక్కలు ఆహారం తయారు చేసుకునే పాఠం ఉంది చూశారా, కిరణజన్య సంయోగక్రియ? ఆ రెండు పేజీల వెనక పెద్ద కథ ఉంది. పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన తొట్టిలో 90 కిలోల పొడిమట్టి పోసి, రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్క నాటాడు. అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చివరికి చెట్టు 76 కిలోలు దాటింది. మట్టిని ఎండబెట్టి తూచాడు, అరవై గ్రాములు కూడా తగ్గలేదు! మరి అంత బరువు ఎక్కడిది? నీళ్లదేనని తేల్చాడాయన. సగమే నిజం. మిగతాది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, వాయువుకు 'గ్యాస్' అన్న పేరు పెట్టింది ఈయనే. బొగ్గు కాలితే వచ్చే ఆ వాయువును గుర్తించినవాడే, చెట్టులో దాన్ని పోల్చుకోలేకపోయాడు. జవాబు తప్పినా ఆయన ప్రయోగం నాకెంతో ఇష్టం. ఊరికే ఊహించలేదు, అయిదేళ్లు ఓపిక పట్టి తూచాడు.

ఇక చరిత్ర. తేదీలు గుర్తుపెట్టుకోవడమే చరిత్ర అనుకుంటే విసుగే. అశోకుడి కాలపు బ్రాహ్మీ లిపిని ఎన్నో వందల ఏళ్లు ఎవరూ చదవలేకపోయారు. సాంచీ స్తూపం దగ్గర రాళ్ల మీద చిన్న చిన్న శాసనాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎన్నో అవే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆంగ్లేయ పండితుడు గమనించాడు. గుడికో స్తూపానికో ఇచ్చినవాళ్లు ఏమని రాయించుకుంటారు? ఫలానావారి 'దానం' అని! ఆ రెండక్షరాలు తేలాక, మిగిలినవి తెలుసుకునే దారి దొరికింది. అన్నేళ్లు మూగబోయిన రాళ్లు మాట్లాడాయి. చూడండి, ఆయన చేసింది మీ ఎక్స్ లెక్కే కదా! మనం రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు కూడా ఆ బ్రాహ్మీ నుంచే పుట్టాయి.

తెలుగు వ్యాకరణంలోనూ ఇలాంటి వెతుకులాటే. 'వాడెక్కడ' అంటాం. విడదీస్తే వాడు, ఎక్కడ. 'డు'లోని ఉకారం ఏమైపోయింది? అదే ఉత్వసంధి. నోటితో రోజూ చేస్తున్న పనికి ఈ ఏడాది పేరు తెలుసుకుంటున్నారు, అంతకన్నా భయపడాల్సిందేమీ లేదు.

బొమ్మలు వేయడం, ఆటలు అసలు చదువు కావని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పీరియడ్లను లెక్కలకు వాడేసుకోవడం నాకు ఏనాడూ నచ్చలేదు.

భూగోళం గురించి రాయలేదు కనక, ఒక ప్రశ్న ఇస్తున్నాను. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. సున్నా డిగ్రీల రేఖాంశం మీద మిట్టమధ్యాహ్నం 12 అయితే, తూర్పున 45 డిగ్రీల రేఖాంశం మీద సూర్యుణ్ని బట్టి ఎంతవుతుంది? పడమరన 45 డిగ్రీల మీద? జవాబుతో పాటు, అది ఎలా వచ్చిందో కూడా రాసి పంపండి.

ప్రేమతో,
మీ తాతయ్య