అరిటాకు, ముల్లు, ఎదురుదెబ్బ: టీనేజీ నవలల వెనుక ఉన్న చరిత్ర

బెంగళూరులో మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో స్థిరపడిన తెలుగు ఇళ్లలో, ఆడపిల్ల చీకటి పడ్డాక బయటికి వెళ్తానంటే పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఒక సామెత వస్తుంది: ముల్లు వెళ్లి అరిటాకు మీద పడినా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడినా చిరిగేది ఆకే. జాగ్రత్త చెప్పడానికే పుట్టిన మాట కావచ్చు గానీ, అందులో ముల్లుకు ఏ బాధ్యతా లేదు. ఆ ఇళ్లలోని పిల్లలు ఇంగ్లీషులో చదివే టీనేజీ నవలలు కొన్ని ఇప్పుడు ఈ లెక్కనే ప్రశ్నిస్తున్నాయి.

బాధితులనే తప్పుపట్టడమనే ధోరణికి 1971లో తన పుస్తకంతో పేరు స్థిరపరచిన అమెరికన్ మనస్తత్వవేత్త విలియం రయాన్ నిజానికి స్త్రీల గురించి రాయలేదు. నల్లజాతివారి పేదరికానికి వారి కుటుంబాలనే కారణంగా చూపడాన్ని ఆయన ఎండగట్టారు. 1974లో ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రమ్ అత్యాచారం తర్వాత బాధితుల్లో కనిపించే మానసిక లక్షణాలను వివరించారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ఘోర అనుభవాల తర్వాత వెంటాడే మానసిక గాయాన్ని రుగ్మతల జాబితాలో చేర్చింది. ఈ అవగాహన పాఠశాల వయసు పిల్లల కథల్లోకి బలంగా వచ్చిన సందర్భాల్లో 1999 నాటి లారీ హాల్స్ ఆండర్సన్ నవల 'స్పీక్' ముఖ్యమైనది. విందులో అత్యాచారానికి గురైన అమ్మాయి పోలీసులకు ఫోన్ చేస్తుంది. ఏం జరిగిందో తెలియని తోటివాళ్లు విందు చెడగొట్టిందని ఆమెను వెలివేస్తారు. ఆమె దాదాపు మూగబోతుంది. చివర్లో అదే కుర్రాడు మళ్లీ దాడి చేసినప్పుడు ఆమె అద్దం ముక్కతో ఎదిరిస్తుంది. ఆ నవలలో నాకు గొప్పగా తోచేది ఆ అద్దం ముక్క కాదు; మొదటిసారి ఎదిరించలేకపోవడాన్ని రచయిత్రి ఎక్కడా నేరంగా లెక్కించకపోవడం.

మన దేశంలో ఆ లెక్క కోర్టుల్లోనే ఉండేది. 1972లో మహారాష్ట్రలోని ఒక పోలీస్ స్టేషన్లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక ఒంటిపై గాయాల గుర్తులు లేకపోవడాన్ని కూడా కారణంగా చూపి సుప్రీంకోర్టు 1978లో నిందితులైన పోలీసులను విడుదల చేసింది. ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్ తదితర న్యాయాచార్యులు 1979లో బహిరంగ లేఖ రాశారు, ఉద్యమం లేచింది, 1983లో చట్టం మారింది. అయినా బాధితురాలి శీలాన్ని ప్రశ్నించి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేసే వెసులుబాటు పోవడానికి 2002 చట్టసవరణ దాకా ఆగాల్సి వచ్చింది. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతించినట్టు భావించరాదన్న వాక్యం 2013లో గానీ చట్టానికి ఎక్కలేదు. అత్యాచారానికి పాల్పడబోయిన వాడి ప్రాణం తీసైనా తనను కాపాడుకునే హక్కు మాత్రం 1860 నాటి శిక్షాస్మృతిలోనే చేరింది. అంటే కొట్టడానికి హక్కు మొదటి నుంచీ ఉంది, కొట్టలేకపోయిన ఆడదానికి రక్షణ నూటయాభై ఏళ్ల తర్వాత వచ్చింది.

ఆత్మరక్షణ కథల్లో ఉన్న చిక్కు కూడా ఇదే. నాయిక ఎదురు తిరిగి గెలిచినప్పుడు చదివేవారికి ధైర్యం వస్తుంది, కాదనలేము. కానీ అలాంటి కథలే చదివిన పిల్లకు, తాను ఎందుకు కొట్టలేకపోయానన్న ప్రశ్న కూడా మిగిలిపోవచ్చు.

బెంగళూరుకు ఈ వాదం కొత్తది కాదు. 2003లో జస్మీన్ పతేజా ఇక్కడే మొదలుపెట్టిన 'బ్లాంక్ నాయిస్' అనే ఉద్యమం, వేధింపులు జరిగిన నాడు తొడుక్కున్న దుస్తులను ఆడవాళ్ల నుంచి సేకరించి, 'నేను కోరి తెచ్చుకున్నది కాదు' అని చాటింది. అయినా 2016 డిసెంబర్ 31 రాత్రి ఎం.జి.రోడ్, బ్రిగేడ్ రోడ్ ప్రాంతంలో మహిళలను వేధించారన్న వార్తలు వచ్చినప్పుడు నాటి రాష్ట్ర హోంమంత్రి జి.పరమేశ్వర యువత పాశ్చాత్య పోకడల గురించీ దుస్తుల గురించీ మాట్లాడారు.

తెలుగులో పిల్లల పత్రికలు చదివే వయసుకూ పెద్దల నవలలు చదివే వయసుకూ మధ్య ఉన్నవారికి కథలు తక్కువ. మాటలు మాత్రం ఉన్నాయి. ప్రమాదం ముంచుకొస్తే 'కాళ్లూ చేతులూ ఆడలేదు', 'నోట మాట రాలేదు', 'కొయ్యబారిపోయాను' అని మన పెద్దవాళ్లు ఎవరూ సిగ్గుపడకుండా చెప్పుకుంటారు. భయంతో శరీరం స్తంభించడాన్ని మనోవైద్యులు వర్ణించేదీ ఇంచుమించు అదే మాటల్లో. ఇంట్లో అమ్మాయి ఆ మాటే అన్నప్పుడు మాత్రం 'అరవచ్చు కదమ్మా' అన్న ప్రశ్న ఎదురవుతుంది.