చలి పొద్దున కనిపించేవి

చిరంజీవులకు ఆశీస్సులు.

చలికాలంలో పురుగులేం ఉంటాయి, చూడ్డానికేముంది అని అడిగారు. ఉంటాయర్రా! మిగతా రోజుల్లో అలికిడికే ఎగిరిపోయేవి కూడా చలికి మందగించి, దగ్గరికెళ్లినా కదలకుండా కూర్చుంటాయి.

పురుగు ఒంట్లో మనలా ఎప్పుడూ ఒకే వేడి నిలవదు. గాలి చల్లబడితే ఒళ్లూ చల్లబడుతుంది, రెక్కలు సరిగ్గా ఆడవు. అందుకే సీతాకోకచిలుక పొద్దెక్కేదాకా ఆగి, ఎండ తగిలేచోట రెక్కలు విప్పుకుని కూర్చుంటుంది. రాత్రి దీపాల దగ్గరికొచ్చే రెక్కల పురుగులకు ఆ ఎండ ఏదీ? వాటిలో చాలా రకాలు ఉన్నచోటే రెక్కలు వణికించి, ఆ కదలికతో వేడి పుట్టించుకుని ఎగురుతాయి. ఆ వణుకు చూసి, పాపం దెబ్బ తగిలిందేమోనని చేత్తో తీయకండి.

సాలీళ్ల కోసమైతే మంచు కురిసిన పొద్దునే వెళ్లాలి. రోజూ పక్కనుంచే నడిచిపోయిన గూడు, మంచుబొట్లు పట్టాక పోగు పోగునా కనిపిస్తుంది. మధ్యలో సాలీడు లేకపోతే అంచున ముడుచుకున్న ఆకులో చూడండి. ఎనిమిది కాళ్లుంటే సాలీడు, ఆరుంటే పురుగు. బెరడు పగుళ్లలో దూది ఉండలాంటిది కనిపిస్తే అది గుడ్ల సంచి కావచ్చు, విప్పొద్దు.

పక్షులు చలికి ఈకలు ఉబ్బించుకుంటాయి. ఈకల మధ్య నిలిచిన గాలి వెచ్చదనాన్ని పోనివ్వదు. బొద్దుగా కనిపించిందని కొత్త పిట్ట అనుకోకండి.

చూసింది మాత్రం తప్పక రాయండి: తారీఖు, వేళ, చోటు, ఎన్ని ఉన్నాయో. 1900 క్రిస్మస్ నాడు అమెరికాలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు, పండక్కి పిట్టల్ని వేటాడే బదులు లెక్కపెడదాం అన్నాడు. మొదటి ఏడాది 27 మంది కలిశారు. ఆ లెక్క ఇప్పటికీ ఏటా సాగుతోంది, లెక్కపెట్టేవాళ్లలో ఎక్కువమంది మీలాంటి మామూలు వాళ్లే. అక్కడ చాలా పక్షులు చలికాలం గడిపే చోట్లు ఉత్తరానికి జరిగాయని ఆ పాత లెక్కల వల్లే తెలిసింది.

కాబట్టి రోజూ కనిపించే కాకినీ పిచ్చుకనీ వదిలేయకండి. ఒక పిట్ట తగ్గిపోతోందని తెలియాలంటే అది బోలెడున్నప్పటి లెక్క ఉండాలి కదా! అరగంట చూసినా ఏమీ కనబడకపోతే అదీ రాయండి. పేరు తెలియకపోతే ఊహించొద్దు. ‘గోధుమరంగు, పిడికెడంత, తోక పైకీ కిందికీ ఆడిస్తోంది’ అని చూసింది చూసినట్టు రాసి, కుదిరితే ఫోటోతో పంపండి. కలిసి వెతుకుదాం.

మీ తాతయ్య