టపాసుల షెడ్ల మధ్య ఆ 3 మీటర్లు: అపోహలు - వాస్తవాలు

నాది అగ్నిమాపక శాఖలో ఉద్యోగం. దీపావళి ముందు వారమంతా టపాసుల షెడ్ల చుట్టూ తిరగడమే పని. ఏటా అవే మాటలు వినపడతాయి.

"లైసెన్సు ఉందిగా సార్, ఇంకేం చూస్తారు?" అన్నిటికన్నా నన్ను భయపెట్టే మాట ఇదే. 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ప్రకారం తాత్కాలిక షెడ్డును మండని సామగ్రితో కట్టాలి. పక్క షెడ్డుకు కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. షెడ్లు ఎదురెదురుగా ఉండకూడదు. ఒకసారి పొద్దున టేపు పెట్టి కొలిస్తే లెక్క సరిపోయింది. సాయంత్రం మళ్లీ వెళ్లి చూద్దును కదా, ఆ సందు నిండా స్టాకు అట్టపెట్టెలు, పైన ఎండకని కట్టిన టార్పాలిన్! ఒక షెడ్డు అంటుకుంటే రెండోది అంటుకోకుండా ఆపేది ఆ ఖాళీయే. మేం పైపు పట్టుకుని లోపలికి వెళ్లాల్సిందీ అందులోంచే. పెట్టెలన్నీ తీయించాకే కదిలాను.

"ఒకటి కాల్చి చూపించు" అని అడిగేవాళ్లూ ఉంటారు. షెడ్డుకు 50 మీటర్ల లోపు కాల్చడం నిషేధం. దయచేసి అడగకండి.

గ్రీన్ టపాసులంటే ఆకుపచ్చగా వెలిగేవని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పచ్చరంగు ఇచ్చేది బేరియం. దాన్ని సుప్రీంకోర్టు నిషేధించింది. గ్రీన్ టపాసులు కూడా పొగ వదులుతాయి, కాకపోతే మామూలు టపాసులకన్నా దుమ్ముకణాలు సుమారు 30 శాతం తగ్గుతాయి. కొనేటప్పుడు పెట్టె మీద నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) గుర్తు, క్యూఆర్ కోడ్ చూడండి.

"పండగ రోజు ఎప్పుడైనా కాల్చుకోవచ్చు" అన్నదీ తప్పే. సుప్రీంకోర్టు 2018 తీర్పులో దీపావళికి ఇచ్చిన సమయం రాత్రి 8 నుంచి 10 వరకే. థౌజండ్‌వాలా లాంటి సరాలనూ, ఆన్‌లైన్ అమ్మకాలనూ ఆ తీర్పే ఆపింది. 2020లో తెలంగాణ హైకోర్టు టపాసులను పూర్తిగా నిషేధిస్తే, మర్నాడే సుప్రీంకోర్టు ఆ రెండు గంటలకు గ్రీన్ టపాసుల వరకు అనుమతిచ్చింది.

ఇక సొంతూళ్లో పిల్లల కోసమని నాలుగు పెట్టెలు బ్యాగులో సర్దుకుని రైలెక్కేవాళ్లకు ఒక మాట. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. అంతకన్నా, కిక్కిరిసిన బోగీలో నిప్పు పుడితే దిగడానికి దారి ఉండదు. ఊళ్లో దిగాక లైసెన్సున్న షాపులోనే కొనుక్కోండి.