చుక్క మసకబారితే చచ్చినట్టేనా? దుమ్ము కమ్మిన నక్షత్రాలపై అపోహలు - వాస్తవాలు

"సార్, మా బిడ్డది ఆరుద్ర నక్షత్రం. ఆ చుక్క పేలిపోతదంట గదా? శాంతి చేయించాల్నంటున్రు." నల్లగొండలో నేను ఫిజిక్స్ చెప్పే కాలేజీకి వచ్చే తల్లిదండ్రుల నోట 2020 నుంచి ఇదే మాట. మిర్యాలగూడ ఆయన ఒకరు శాంతికని పదకొండు వేలు ముందే పంపేసి, ఆ మెసేజ్ నాకు చూపించాడు. భయపడ్డ ఆయన మీద నాకు కోపం లేదు. ఆరుద్ర పేలుతుంది, శాంతి చేయించండని భయపెట్టే వీడియోలు చేసేటోళ్ల మీద ఉంది.

అపోహ: మసకబారిందంటే ఆరిపోతోంది, లేదా పేలబోతోంది.

వాస్తవం: ముసలి నక్షత్రాలు తమ పై పొరలను ఊదేసుకుంటాయి. ఆ వాయువు చల్లబడి దుమ్ము కడుతుంది. దుమ్ము మామూలు వెలుగును మింగి, వేడెక్కి, ఆ శక్తినే పరారుణంలో, అంటే కంటికి ఆనని వేడి కాంతిగా, వదులుతుంది. మసి పట్టిన కందిలి వెలుగు తగ్గినా, గాజు చెయ్యి కాలుస్తుంది కదా!

నా పీహెచ్‌డీ కార్బన్ నక్షత్రాల మీద, అంటే పై పొరల్లో కార్బన్ ఎక్కువున్న ముసలి చుక్కల మీద. సింహరాశిలోని సీడబ్ల్యూ లియోనిస్ అలాంటిదే, మామూలు కాంతిలో చాలా మసక. పరారుణంలో 5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర మాత్రం సౌరకుటుంబం బయట దాన్ని మించిన వెలుగు ఆకాశంలో లేదు. మౌంట్ అబూ అబ్జర్వేటరీలో, మామూలు కాంతిలో చూసే గైడ్ కెమెరా తెర మీద ఏమీ కనిపించలేదు. 2.2 మైక్రాన్ల ఫిల్టర్ వేశామో లేదో, డిటెక్టర్ సాచురేట్, అంటే కొలవలేనంత వెలుగు! దాని స్పెక్ట్రమ్‌లో, అంటే వెలుగును తరంగాల వారీగా విడదీసి గీసిన గీతలో, 11.3 మైక్రాన్ల దగ్గర లేచే ఉబ్బు సిలికాన్ కార్బైడ్ దుమ్ముది.

ఆరుద్ర, అంటే బెటల్‌గూస్, కార్బన్ రకం కాదు. దాని దుమ్ము సిలికేట్, అంటే ఇసుక, రాళ్ల రకం. 2020 ఫిబ్రవరికి దాని వెలుగు దాదాపు మూడో వంతుకు పడిపోయింది. ఉపరితలంలో కొంత భాగం చల్లబడింది, కొత్తగా కట్టిన దుమ్ము మనకు అడ్డమొచ్చింది. జపాన్ వాతావరణ ఉపగ్రహం హిమవరి-8 తీసిన భూమి ఫొటోల పక్కన ఈ చుక్క కూడా పడేది. ఆ పరారుణ కొలతల్లోనూ దుమ్ము జాడే దొరికింది. ఏప్రిల్ కల్లా వెలుగు తిరిగొచ్చింది. ఎప్పటికైనా పేలుతుంది, నిజమే. కానీ 500 కాంతి సంవత్సరాలకు పైన ఉన్నది పేలితే మీ బిడ్డ జాతకానికి ఏమవుతుంది?

ఆ దుమ్ము మన మీద పడుతుందా? సీడబ్ల్యూ లియోనిస్ ఉన్నది సుమారు 400 కాంతి సంవత్సరాల దూరంలో, దుమ్ము వేగం సెకనుకు 15 కిలోమీటర్లు. మన దాకా రావాలంటే 80 లక్షల ఏళ్లు! పరారుణ ఫొటోల రంగులు దొంగవా? కంటికి ఆనని దానికి ఏదో ఒక రంగు వేయాల్సిందే, మేం కొలిచేది రంగు కాదు, ఫ్లక్స్, అంటే మన దాకా వచ్చే వెలుగు ఎంతో అన్నది.

కార్బన్ నక్షత్రాన్ని కళ్లారా చూడాలనుంటే, చలికాలంలో ఆరుద్ర ఉన్న ఓరియన్ చుక్కల గుంపు కింద ఆర్ లెపోరిస్ అనే చుక్కను బైనాక్యులర్‌తో వెతకండి. మంచి వెలుగులో ఉన్నప్పుడు నెత్తురు చుక్కలా ఉంటుంది. మసకగా ఉన్న నెలల్లో దొరకదు. అప్పుడు మళ్లీ నాకు ఫోన్ చేయొద్దు.