ఎలుక దూరని టన్నెల్: బుజ్జికీ చిన్నూకీ అమ్మమ్మ ఉత్తరం

బుజ్జీ, చిన్నూ,

ఫోన్‌లో నా తోట చూసి "అమ్మమ్మా, మొక్కలు పెంచే నీ టన్నెల్ మీద కవరేదీ, ఇనప కమ్మీలే ఉన్నాయి" అని నవ్వారు కదా. చిన్నూ అడిగింది మాత్రం మంచి ప్రశ్న. ఎలుకలకి మందు పెడితే పోయేదానికి చుట్టూ కందకం తవ్వడమెందుకని. ఫోన్‌లో సగమే చెప్పాను, ఇంతలో మీ అమ్మ అన్నానికి పిలిచింది. మిగతాది రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ తోట సంగతి. ఇది ఇంటి పెరడు కాదు. ఇక్కడ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో కౌన్సిల్, అంటే మన మునిసిపాలిటీ లాంటి వాళ్ళు, పెద్ద స్థలాన్ని ముక్కలు చేసి ఏడాదికింత అని అద్దెకిస్తారు, దాన్ని అలాట్‌మెంట్ అంటారు. పెరళ్ళు లేని కూలీజనం కూరగాయలు పండించుకోడానికి వచ్చిన పద్ధతి ఇది, జనం అడిగితే కౌన్సిళ్ళు స్థలం చూపించాలని 1908లో చట్టం కూడా చేశారు. పూర్తి ప్లాట్ అంటే వాళ్ళ పాత లెక్కలో పది రాడ్లు, మన లెక్కలో మూడొందల గజాలు. అందులో ఒక పక్కన నా పాలీటన్నెల్. జీఐ పైపుల్ని, అంటే జింకు పూత వేసిన ఇనప గొట్టాల్ని, విల్లులా వంచి వరసగా పాతి, పైన మందపాటి పాలిథీన్ కప్పుతారు. ఈ ఊళ్ళో మే సగం దాకా రాత్రిళ్ళు మంచు భయం ఉంటుంది, మరి మన బెండ, మిర్చి, గోంగూర బతకాలంటే ఇలాంటి వెచ్చటి చోటు ఉండాల్సిందే.

వెచ్చగా ఉండేది మొక్కకే కాదుగా, ఎలుకకీ వెచ్చగానే ఉంటుంది. బయట చలి మొదలవగానే దానికి కావలసినవి మూడు: తిండి, నీళ్ళు, ఎవరూ కదిలించని మూల. మూడూ టన్నెల్లో దొరుకుతాయి. నాటిన బఠాణీ గింజని మట్టి లాగి తినేస్తుంది, మొక్కజొన్న కంకి పాలు పోసుకునే సమయానికి సరిగ్గా వచ్చేస్తుంది, గుమ్మడికాయకి పక్కన కన్నం పెట్టి గుజ్జు వదిలేసి గింజలు మాత్రం ఏరుకుంటుంది, దాని తెలివికి మెచ్చుకోవాలో తిట్టాలో తెలీదు.

ఇక మందు సంగతి. ఆ మందులు రక్తం గడ్డకట్టకుండా చేసి చంపుతాయి. తిన్న వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది, దాన్ని గుడ్లగూబో నక్కో పట్టుకు తింటే విషం వాటి ఒంట్లోకి చేరుతుంది. మా సైట్‌లో హెడ్జ్‌హాగ్‌లనే చిన్న ముళ్ళజంతువులు కూడా ఉన్నాయి, రాత్రంతా నత్తల్ని తిని నా ఆకుకూరల్ని కాపాడేవి అవే. ఎలుక అతుక్కుపోయే జిగురు అట్టలంటారా, ఇంగ్లండ్‌లో 2024 జులై నెలాఖరు నుంచి మామూలు జనం వాడకూడదు. బోను పెట్టొచ్చు, పెట్టాను కూడా. కానీ ఎలుక కడుపుతో ఉండేది మూడు వారాలే, పుట్టిన పిల్లలు రెండు మూడు నెలలకి మళ్ళీ తల్లులవుతాయి. తిండీ సందూ అలాగే ఉంచి ఎన్ని పట్టినా ఖాళీ అయిన చోటుకి పక్క ప్లాట్‌లోవి వస్తాయి. మన డెల్టాలో వరి పొలాల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్ళని అడగండి, ఏటా ఎందుకు రావాల్సి వస్తుందో వాళ్ళే చెప్తారు.

అందుకని సందు మూయడమే పని. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత, నేను పట్టకుండానే తవ్వుతున్నా.

పాత కవరు కింది అంచు అంతా కొరికేసి ఉంది, ఎండకి పెళుసెక్కింది కూడా, కాబట్టి మొత్తం విప్పేసి కమ్మీలు మాత్రం ఉంచాను. ఆ తర్వాత తొందరపడి జాలీ వేయకూడదు. లోపల కలుగుల్లో ఎలుకలుంటే వాటిని మనమే లోపల పెట్టి తాళం వేసినట్టవుతుంది! కన్నం కనబడిన చోటల్లా పాత న్యూస్ పేపర్ నలిపి వదులుగా దోపి వచ్చాను. పొద్దున్నే చూస్తే కొన్ని పేపర్లు అలాగే ఉన్నాయి, మూల కన్నంలోది మాత్రం బయటికి నెట్టేసి ఉంది, అంచున కాలివేళ్ళ గీతలు, పక్కన తడి మట్టి కుప్ప. అంటే అందులో కాపురం ఉందన్నమాట. ఆ కన్నం ఖాళీ అయి, పేపరు వరసగా కొన్నాళ్ళు కదలకుండా ఉన్నాకే తవ్వకం మొదలుపెట్టాను.

చుట్టూ అడుగున్నర లోతు కందకం. అందులో వెల్డ్‌మెష్, అంటే తీగలు అతికిన చోటల్లా వెల్డింగ్ చేసిన జాలీ. కోళ్ళగూటికి వేసే పల్చటి జాలీ ఇక్కడ పనికిరాదు, దాని తీగని ఎలుక కొరికేయగలదు. బొటనవేలు దూరే సందు చాలు పెద్ద ఎలుకకి, చిట్టెలుకకైతే పెన్సిల్ పట్టే సందు చాలు, అందుకే ఆరు మిల్లీమీటర్ల కన్ను ఉన్న జాలీ తెచ్చాను, రేటు చూస్తే కళ్ళు తిరిగాయి. ఎలుక ముందుపళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, అరగదీయక తప్పదు. చెక్క, ప్లాస్టిక్, సీసం పైపు, దేన్నయినా కొరుకుతుంది. మంచి ఉక్కు తీగ దగ్గర ఆగుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం చెప్తా వినండి. జాలీని నిలువుగా దింపి ఊరుకోకుండా అడుగున ఒక అడుగు మేర బయటివైపుకి మడిచి పరిచి మట్టి కప్పాలి. ఎందుకంటే ఎలుక ఎక్కువగా గోడకి ఆనుకునే తవ్వుతుంది. కిందికి తవ్వుతూ వెళ్తే కాళ్ళకింద జాలీ తగులుతుంది, పక్కకి తిరిగితే గోడ దగ్గర కూడా జాలీయే. ఒక అడుగు వెనక్కి వెళ్ళి అక్కణ్ణుంచి తవ్వితే దారి దొరుకుతుంది, కానీ మామూలుగా దానికి ఆ ఆలోచన రాదు. నేల పైన కూడా రెండడుగుల ఎత్తు వరకు లోపలివైపు జాలీ ఎత్తాను, కోసిన అంచులు మడిచాను, లేకపోతే తీగమొనలు కొత్త కవరుని చీలుస్తాయి.

తలుపు దగ్గరే అసలు టెన్షన్. జాలీ ఎంత బాగా వేసినా తలుపు కింద వేలెడు సందుంటే అంతా దండగ. గడప కింద సిమెంటు పలక పరిచి, తలుపు అడుగున ఒక అడుగు ఎత్తున జీఐ రేకు కొట్టాం, పక్క ప్లాట్ జమైకా పెద్దాయన సాయం చేశాడు. ఆయన కాలలూ అని పండించేది మన తోటకూరేనమ్మా, వచ్చినప్పుడు చూపిస్తా. పగలు తేనెటీగలు రావాలి కాబట్టి తలుపు తీసే ఉంటుంది, చీకటి పడేలోపు మూయాలి. గాలికి పైన జాలీ కిటికీ ఉంది.

లోపల పాత కుండీలు గుట్టగా పడేయడం బంద్. విత్తనాలన్నీ రేకు డబ్బాలో. నీళ్ళ డ్రమ్ముకి మూత. కంపోస్ట్ తొట్టి అడుగున కూడా జాలీ వేశాను, అందులో అన్నం, చపాతీ, కూరలు పడవు, తొక్కలూ ఆకులే పడతాయి, పొడిగా ఎండిపోకుండా నీళ్ళు చల్లి తిరగేస్తుంటాను, ఎందుకంటే పొడి కంపోస్ట్ ఎలుకకి మెత్తటి పరుపు.

కవరు మాత్రం మీరొచ్చాకే. 720 గేజ్ పాలిథీన్ తెచ్చిపెట్టాను, అంటే 180 మైక్రాన్ల మందం. ఎండ కాసి గాలి లేని రోజు వేయాలి, వేడికి సాగుతుంది, అప్పుడు లాగి బిగిస్తే చల్లబడ్డాక డప్పులా బిగుసుకుంటుంది. కమ్మీల మీద ముందు స్పాంజి టేపు అంటించాలి, లేకపోతే ఎండకి కాలిన ఇనుము తగిలిన చోటే కవరు ముందు పాడవుతుంది. ఆ టేపు పని బుజ్జిది. చిన్నూ కొస పట్టుకు లాగాలి, నలుగురు మనుషులైనా కావాలి, మీ నాన్నకి తప్పదు.

తోటలో చేతితొడుగులు లేకుండా మట్టి ముట్టుకోనివ్వను, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడగాలి, చేతికి గీతపడితే దాచకుండా నాకు చెప్పాలి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, నీళ్ళలో, తడి మట్టిలో దాని క్రిమి ఉంటుంది. భయపడక్కర్లేదు, జాగ్రత్త చాలు.

మీ కాలి సైజులు పంపండి, రబ్బరు బూట్లు కొనాలి. గోంగూర విత్తనాలు తెస్తానని మీ అమ్మ అంటోంది, వద్దని చెప్పండి, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా విత్తనాలు ఈ దేశంలోకి తేకూడదు. కిందటేడువి నా రేకు డబ్బాలో ఉన్నాయి.

మీ అమ్మమ్మ