అడవిలో ఒంటరిగా బతికే పోటీలు: అపోహలు - వాస్తవాలు

కడప చుట్టుపక్కల కుర్రాళ్లకు క్యాంపింగ్, అడవిలో పాటించాల్సిన జాగ్రత్తలు నేర్పిస్తుంటాను. అడవిలో ఒంటరిగా ఎక్కువ రోజులు నిలిచినవాళ్లు గెలిచే అమెరికా టీవీ పోటీ ‘అలోన్’ చూసి వచ్చినవాళ్లు “అన్నా, మనమూ లంకమలలో అట్లా పది రోజులుందామా?” అంటుంటారు. ఆ షోలో పోటీదారులు క్షేమంగా ఇంటికి చేరేది నిబంధనల వల్లే. వాటి గురించి మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: కత్తి ఒకటిచ్చి అడవిలో వదిలేస్తారు.

బట్టలు, అత్యవసర సామగ్రి కాకుండా, ముందే ఆమోదించిన జాబితా నుంచి 10 వస్తువులు ఎంచుకోవచ్చు. గొడ్డలి, రంపం, స్లీపింగ్ బ్యాగ్, గాలాలు, నిప్పు రాజేసే ఫెర్రో రాడ్ లాంటివి ఉంటాయి. అగ్గిపెట్టె, తుపాకీ కుదరవు. నన్నడిగితే ముందు వంటగిన్నె పెట్టుకోమంటాను. అది లేకపోతే నీళ్లు కాచేదెట్లా?

అపోహ: కెమెరావాళ్లు పక్కనే ఉండి తిండి పెడతారు.

ఎవరి వీడియో వాళ్లే తీసుకోవాలి. మధ్యలో వైద్య బృందం వచ్చి పరీక్షలు చేసి వెళ్తుంది. ఇక చాలనుకుంటే శాటిలైట్ ఫోన్లో పిలిస్తే వచ్చి తీసుకెళ్తారు.

అపోహ: ఆకలికి తట్టుకున్నంత కాలం ఉండొచ్చు.

బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 17 కన్నా తగ్గితే పోటీ నుంచి తప్పిస్తారు. దక్షిణ అమెరికాలోని పటగోనియాలో జరిగిన మూడో సీజన్లో 86వ రోజున ఒకామెను ఇట్లాగే పంపించేశారు. మిగిలినతను 87 రోజులతో గెలిచాడు. ఇంకొక్క రోజు ఉండనిస్తే ఏం పోయిందని చాలామంది వాదిస్తారు. అంతగా చిక్కిపోయిన మనిషిలో గుండె కండరం కూడా కరుగుతుంటుంది. డాక్టర్లు సరైన పనే చేశారు.

అపోహ: అడవిలో దొరికింది కొట్టుకు తినొచ్చు.

అక్కడ పోటీదారులు కూడా స్థానిక వేట చట్టాలకు లోబడాల్సిందే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉడుమును పట్టినా, కుందేలును కొట్టినా నేరమే. లంకమల అభయారణ్యం మామూలు చోటు కాదు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే అరుదైన పక్షి 1986లో మళ్లీ కనిపించింది కడప జిల్లాలోనే. ఎండిన బోదలో నిప్పురవ్వ పడితే ఏమవుతుందో వేసవిలో మన కొండలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లొద్దు.

అపోహ: నీళ్లు లేకపోతే మూత్రం తాగొచ్చు, జెముడు కోసుకోవచ్చు.

నేను ఎక్కువగా భయపడేది దీనికే. మూత్రంలోని ఉప్పు దాహాన్ని ఇంకా పెంచుతుంది. జెముడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఎండిన వంకలో ఇసుక తవ్వి చెలమ తీయడం మన పెద్దలకు తెలిసిన విద్యే. మొదట ఊరిన బురద నీళ్లు తోడి పారబోయాలి. తేటపడ్డాక పంచెగుడ్డతో వడకట్టి, బాగా మరగకాచి తాగాలి. అయితే మే నెల మిట్టమధ్యాహ్నం తవ్వడానికి దిగితే, దొరికే నీళ్లకన్నా కారే చెమటే ఎక్కువ. పొద్దున్నే తవ్వాలి, లేదా పొద్దు వాలాక.

ఆ షో ఎక్కువగా చలి ప్రాంతాల్లో తీస్తారు. ఇక్కడ మనల్ని చంపేది ఎండ. తోటివాడి మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే, చెమట పడుతున్నా సరే వడదెబ్బగానే చూడండి. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడుపుతూ విసరండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు. కొండల మధ్య సిగ్నల్ అందకపోవచ్చు కాబట్టి, 108కి ఫోన్ కలిసే చోటు ఎక్కడుందో లోపలికి వెళ్లేముందే చూసిపెట్టుకోండి.